హైదరాబాద్ నుంచి బెంగళూరుకు 2బీహెచ్‌కే సామాను: 21 వేలకీ 41 వేలకీ తేడా ఎక్కడుంది?

మియాపూర్_వాసి:

నమస్తే అండీ. వచ్చే నెల మియాపూర్ నుంచి బెంగళూరు మారతహళ్లి వైపు ఇల్లు మారుతున్నాం. రెండు చోట్లా అపార్ట్‌మెంటే. ఇక్కడ మూడో ఫ్లోరు, అక్కడ ఏడో ఫ్లోరు, లిఫ్టులున్నాయి.

సామాను: 260 లీటర్ల ఫ్రిజ్, ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషీన్, స్ప్లిట్ ఏసీలు రెండు, 43 అంగుళాల టీవీ, ఇనుప బీరువా, డబుల్ కాట్లు రెండు (ఒకటి హైడ్రాలిక్ స్టోరేజీది), పరుపులు, 3+1+1 సోఫా, నాలుగు కుర్చీల డైనింగ్ టేబుల్, ఇన్వర్టర్ బ్యాటరీ, ఒక స్కూటర్, వంటింటి సామాను, పుస్తకాలు. కారు మేమే నడుపుకుంటూ వెళ్తాం.

ముగ్గుర్ని అడిగితే ఒకరు 21,000 అన్నారు, ఒకరు 34,000, ఇంకొకరు 41,000 ప్లస్ జీఎస్టీ. ముగ్గురూ ఫోన్లోనే చెప్పారు, ఇల్లు చూడలేదు. ఎవరిని నమ్మాలి? స్కూటర్ కూడా అదే లారీలో వేయొచ్చా? గ్యాస్ కనెక్షన్ సంగతేంటి? రాష్ట్రం దాటుతోంది కాబట్టి దారిలో కాగితాలేమైనా చూపించాలా?


లోడింగ్_లెక్క:

ఇల్లు చూడకుండా చెప్పిన రేటు రేటే కాదండీ. ఫోన్లో "టూ బీహెచ్‌కే" అంటే ఎవరికి తోచింది వాళ్లు చెప్తారు. మనిషిని పంపలేకపోతే కనీసం వీడియో కాల్‌లో బాల్కనీ, అటక, మంచం కింద అరలతో సహా చూడమనండి. అటక మీద సామాను చెప్పకపోవడం వల్లే లోడింగ్ రోజున గొడవలు మొదలవుతాయి.

మీ సామాను ఘనపుటడుగుల్లో వేసి చూద్దాం. ఫ్రిజ్ 22, వాషింగ్ మెషీన్ 12, బీరువా 34, విప్పిన మంచాలు రెండూ కలిపి 60, పరుపులు 40, సోఫా సెట్టు 117, డైనింగ్ టేబుల్, కుర్చీలు 50, ఏసీలు 15. డబ్బాలు నలభై అనుకుందాం, 18 అంగుళాల డబ్బా ఒక్కోటి దాదాపు 3.4, అంటే 135. మొత్తం 485. స్కూటర్ వేస్తే ఇంకో 50.

14 అడుగుల ఐషర్ లారీ బాడీ 14x6x6 చొప్పున 504 వస్తుంది. కానీ ఇంటి సామాను ఇటుకల్లా పేర్చలేం. అందులో 80 శాతం నిండితే గొప్ప, అంటే 400. కాబట్టి మీకు ఉన్నదున్నట్టు 17 అడుగుల బండి కావాలి. అదే సోఫా ఇక్కడే అమ్మేసి, స్కూటర్‌ను రైల్లో పంపితే మిగిలేది 368, 14 అడుగుల బండిలో సరిపోతుంది. ఒక్క సోఫా మీ బండి సైజు మారుస్తోంది. పాత సోఫా అయితే దాన్ని బెంగళూరు మోసుకెళ్లే ఖర్చుకు అక్కడ సెకండ్ హ్యాండ్‌ది దొరకొచ్చు, ఆలోచించండి. (కొలతలు అందాజా వేసినవి. టేపు పట్టుకుని మీ ఇంట్లో మీరే కొలవండి.)

ఇక 21 వేలాయన చెప్పింది పార్ట్ లోడ్ రేటు అయ్యుంటుంది. నేరుగా అడగండి: "బండి మా సామానుకే ప్రత్యేకమా? మా ఇంటి దగ్గర ఎక్కించిన బండే బెంగళూరులో దించుతుందా?" పార్ట్ లోడ్‌లో ముందు చిన్న బండిలో గోడౌన్‌కి వెళ్తుంది. అక్కడ దించి ఇంకో ఇద్దరు ముగ్గురి సామానుతో కలిపి పెద్ద లారీ ఎక్కిస్తారు. బెంగళూరు శివార్లలో మళ్లీ దించి మళ్లీ చిన్న బండి. ఒక్కసారి ఎక్కించి దించాల్సింది మూడుసార్లు అవుతుంది. గీతలు, సొట్టలు రోడ్డు మీద కంటే ఇలా చేతులు మారేటప్పుడే ఎక్కువ. పైగా లోడు నిండేదాకా లారీ కదలదు, వారం పట్టినా అడగలేరు. పది డబ్బాలు, ఒక పరుపు ఉన్న బ్యాచిలర్‌కి పార్ట్ లోడ్ మంచిదే. ఫ్రిజ్, ఏసీలు ఉన్న సంసారానికి వద్దు.

టైమింగ్ గురించి ఎవరూ చెప్పరు కానీ డబ్బులు పోయేది అక్కడే. ఇక్కడి నుంచి షాద్‌నగర్, జడ్చర్ల, కర్నూలు, గుత్తి, అనంతపురం, చిక్కబళ్లాపుర మీదుగా 44వ నంబరు జాతీయ రహదారిలో సుమారు 570 కిలోమీటర్లు. రాత్రి బయల్దేరిన లారీ మర్నాడు మధ్యాహ్నానికి బెంగళూరు శివార్లకు చేరుతుంది. పగలు నో ఎంట్రీ ఉన్న రోడ్లుంటే దేవనహళ్లి దగ్గరే ఆపి చీకటి పడ్డాక లోపలికి వస్తాడు. మీ కొత్త అపార్ట్‌మెంట్ వాళ్లేమో సాయంత్రం ఆరు దాటితే సామాను లిఫ్ట్ ఇవ్వమంటారు, ఆదివారం అసలు వద్దంటారు. బండి ఒక రోజు ఆగితే హాల్టింగ్ చార్జీ మీ మీదే. కాబట్టి ముందు అక్కడి అసోసియేషన్‌కి ఫోన్ చేసి మూవ్-ఇన్ గంటలు, గేట్ పాస్, లిఫ్ట్ చార్జీ, గేటు దగ్గర ఎంత ఎత్తు బండి పడుతుంది, ఇవి కనుక్కోండి. తర్వాతే లోడింగ్ టైమ్ ఖాయం చేసుకోండి. బండి గేటు దగ్గరే ఆగిపోయి లిఫ్ట్ దాకా మోయాల్సి వస్తే లేబర్ దానికి వేరే డబ్బు అడుగుతారు. అది కూడా కొటేషన్‌లో రాయించండి.


రసీదు_ముఖ్యం:

కాగితాల సంగతి నేను చెప్తాను.

వాడిన ఇంటి సామానుకు ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు జీఎస్టీ కింద తీసుకునే ఆన్‌లైన్ పత్రం) అక్కర్లేదు. జీఎస్టీ నిబంధన 138కి ఉన్న మినహాయింపుల జాబితాలో వాడిన వ్యక్తిగత, గృహోపకరణాలు ఉన్నాయి. "బోర్డర్ ట్యాక్స్", "చెక్‌పోస్ట్ పర్మిట్", "ఆక్ట్రాయ్" (ఊళ్లోకి వచ్చే సరుకు మీద పన్ను) అని కొటేషన్‌లో లైను కనిపిస్తే కొట్టేయమనండి, వాడిన సామాను మీద అలాంటివేమీ లేవు. లారీకి టోల్ ఉంటుంది, అది బాడుగలో కలిపారో లేదో మాత్రం అడగండి. సామాను జాబితా ఒకటి రాసి, పైన "వాడిన ఇంటి సామాను, అమ్మకానికి కాదు" అని పెట్టి సంతకం చేసి, గుర్తింపు కార్డు జిరాక్స్‌తో డ్రైవర్‌కి ఒక కాపీ ఇవ్వండి. సీలు తీయని కొత్త టీవీ, కొత్త ఫ్రిజ్ ఉంటే మాత్రం అది వాడిన సామాను కింద రాదు, దాని బిల్లు దగ్గర పెట్టుకోండి.

అసలు ముఖ్యమైనది ఎల్‌ఆర్, అంటే లారీ రసీదు. ట్రాన్స్‌పోర్ట్ వాళ్లు బిల్టీ అంటారు. కొటేషన్, వాట్సాప్ మెసేజ్ దీనికి సాటిరావు. అందులో బండి నంబరు, డబ్బాల సంఖ్య, ఎక్కడి నుంచి ఎక్కడికి, బాడుగ ఎంత, సామాను విలువ ఎంత అని ఉండాలి. ఎందుకంటే 2007 నాటి క్యారేజ్ బై రోడ్ చట్టం, దాని నిబంధనల ప్రకారం మీరు ఎక్కువ విలువ ప్రకటించి రాయించకపోతే, నష్టానికి ట్రాన్స్‌పోర్టర్ బాధ్యత బాడుగకు పది రెట్ల దాకానే. ప్యాకర్లు మొత్తం 34 వేలల్లో ప్యాకింగ్, లేబర్ అని విడగొట్టి ఎల్‌ఆర్‌లో బాడుగ 6 వేలే చూపిస్తే ఏమవుతుందో చూడండి: లారీ బోల్తా పడినా 60 వేలు దాటి అడిగే దారి మూసుకుపోతుంది. విలువ రాయించండి. ఏదైనా పోయినా పగిలినా బుకింగ్ తేదీ నుంచి 180 రోజుల్లోపు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, లేకపోతే కేసు నిలబడదు.

ఇన్సూరెన్స్ పేరుతో విలువలో మూడు శాతం వసూలు చేసేవాళ్లలో చాలామంది ఇచ్చేది ఇన్సూరెన్స్ కాదు, వాళ్ల సొంత "రిస్క్ కవర్". నిజమైనదైతే బీమా కంపెనీ పేరు, పాలసీ నంబరు, మీ పేరు ఉన్న సర్టిఫికెట్ లోడింగ్‌కి ముందే వస్తుంది. వచ్చినా చదవండి: యాక్సిడెంట్, అగ్నిప్రమాదం, బోల్తా మాత్రమే కవర్ అయితే టీవీ తెర పగిలినా పైసా రాదు. ఎక్కించడం దించడంలో జరిగే నష్టం కూడా ఉందా అన్నది ఒక్కటే అడగాల్సిన ప్రశ్న.

కంపెనీని చూసుకునే పద్ధతి: కొటేషన్ మీద ఉన్న జీఎస్టీ నంబరును జీఎస్టీ పోర్టల్‌లో కొట్టండి. అక్కడ వచ్చే పేరు, అడ్రసు కొటేషన్‌తో కలవాలి. పెద్ద కంపెనీ పేరులో ఒక్క అక్షరం అటూ ఇటూ మార్చి తిరిగేవాళ్లున్నారు. డబ్బు కంపెనీ ఖాతాకే వేయండి, మేనేజర్ పర్సనల్ యూపీఐకి కాదు. అడ్వాన్స్ పది శాతం, లోడింగ్ అయ్యాక అరవై, డెబ్బై, మిగతాది దించాక. నూటికి నూరూ ముందే అడిగేవాణ్ణి వదిలేయండి.

బండి బయల్దేరాక "సామాను ఎక్కువైంది, ఇంకో పన్నెండు వేలు వేస్తేనే దించుతాం" అన్నది ఈ వ్యాపారంలో పాత జబ్బు. అలా జరిగితే వాదనకు దిగకుండా సంతకం ఉన్న జాబితా, ఎల్‌ఆర్, లోడింగ్ ఫొటోలు చూపించి 112కి కాల్ చేయండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తర్వాత కేసు వేయాలన్నా 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మీరు ఉండే ఊళ్లోనే జిల్లా కమిషన్‌కు వెళ్లొచ్చు.

దించేటప్పుడు ఇంకో మాట. వాళ్లిచ్చే కాగితం మీద "సామాను బాగా అందింది" అని ఉంటుంది. లేబర్ తొందరపెడతారు. డబ్బాలు లెక్కపెట్టి, ఫ్రిజ్, టీవీ, బీరువా విప్పించి చూశాకే సంతకం. సొట్ట ఉంటే ఆ కాగితం మీదే రాసి సంతకం పెట్టండి.


ఏసీ_ఫ్రిజ్_అన్న:

అన్నా, ప్యాకర్లోళ్ల మనిషితోని ఏసీలు ఇప్పియ్యకు. ఇప్పుడు మంచిగ నడుస్తున్న ఏసీ, అక్కడ బిగించినంక "గ్యాస్ లేదు" అంటరు, ఒక్కోదానికి గ్యాస్ పైసలు వేరే. అసలు గ్యాస్ ఎటు పోవద్దు. ఎట్లనో చెప్త, పక్కన నిలబడి చూడు.

మిషిన్ కూలింగ్‌ల పెట్టి 16కి దించి, కంప్రెసర్ షురూ అయినంక ఐదు నిమిషాలు నడవనియ్యాలె. ఔట్‌డోర్ పక్కపొంటి రెండు వాల్వులుంటయి, ఒకటి సన్న పైపుది, ఒకటి లావు పైపుది. ఇత్తడి మూతలు తీసి అలెన్ కీతోని మొదలు సన్న పైపు వాల్వు బంద్ చెయ్యాలె. అప్పుడు లోపలి యూనిట్ల ఉన్న గ్యాస్ అంత కంప్రెసర్ గుంజుకొని ఔట్‌డోర్ల నింపుకుంటది. లావు పైపు దిక్కు పెట్టిన ప్రెషర్ గేజ్ ముల్లు సున్నా దగ్గరికి రాంగనే లావు పైపు వాల్వు బంద్ చేసి, ఎంబడే మెయిన్ ఆఫ్. రెండు మూడు నిమిషాల పని. ఆఫ్ చెయ్యనీకి ఆలస్యమైతే కంప్రెసర్ ఉత్తగ తిరిగి వేడెక్కి కరాబైతది. నట్లు ఇప్పేటప్పుడు టుస్సుమని జర్ర సప్పుడొస్తే ఫికర్ లేదు. శానాసేపు సుయ్యిమంటుందంటే మీ పైసలు గాలిల కలుస్తున్నట్టే.

పైపుల కొసలకు టేపు చుట్టాలె, లేకుంటే దుమ్ము, తేమ పోతది. రాగి పైపు పెద్దగ చుట్ట చుట్టు, మడత పడితే ఆడికి కోసేసుడే. అక్కడ బిగించేటోడు పాత ఫ్లేర్ (పైపు కొసకు వెడల్పు చేసిన మూతి) కోసి కొత్తది చెయ్యాలె, వ్యాక్యూమ్ పంపు పెట్టి పైపులల్ల గాలి, తేమ పదిహేను ఇరవై నిమిషాలు గుంజాలె. పంపు తేకుండ గ్యాస్ ఇడిసి గాలి ఎళ్లగొడ్త అంటే ఆన్ని ఎళ్లగొట్టు. స్టాండ్లు, రిమోట్లు, డ్రెయిన్ పైపు ఒక్క సంచిల ఎయ్యి.

ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషీన్‌కు వెనక పొడుగు బోల్టులు బిగించే తొర్రలుంటయి, శానా మోడళ్లకు నాలుగు. కొన్ననాడు తీసి ఇచ్చినవి యాడ పెట్టిన్రో ఇప్పటిసంది దేవులాడు. దొరకకుంటే మోడల్ నంబర్ చెప్పి సర్వీస్ సెంటర్ల తెప్పిచ్చుకో. డ్రమ్ము స్ప్రింగుల మీద ఏలాడుతుంటది కద, బోల్టుల్లేకుండ 570 కిలోమీటర్లు కుదుపులు తింటే లోపల డబ్బకు గుద్దుకొని షాక్ అబ్జార్బర్ ఇరుగుతది. కింద ముందర ఫిల్టర్ మూత తీసి నీళ్లు మొత్తం ఒంపు. అక్కడ పోయినంక బోల్టులు తీయకుండ నడిపితే మిషిన్ బాత్రూమంత తిరుగుతది, మర్వకు.

ఫ్రిజ్ ముందురోజే బంద్ చేసి డోర్లు తెరిచి ఆరబెట్టు. లారీల నిలబెట్టే తీస్కపోవాలె. యాడన్న పండబెట్టిన్రు అని తెలిస్తే నిలబెట్టి కొన్ని గంటలు ఆగి ప్లగ్ పెట్టు, కంప్రెసర్ల ఆయిల్ పైపులల్లకు పోతది, అది మళ్ల కిందికి దిగాలె. టీవీ కూడ నిలబెట్టే పెట్టాలె, పండబెడితే మధ్యల తెర పలుగుతది.

ఇన్వర్టర్ బ్యాటరీకి మొదలు నెగెటివ్ తీగ తియ్యి, తర్వాత పాజిటివ్. మళ్ల బిగించేటప్పుడు ఉల్టా. దాన్ని ఒరగబెట్టొద్దు, మీద ఏం పెట్టొద్దు. యాసిడ్ ఒలికితే కింద ఉన్న పరుపు, బట్టలు బొక్కలు పడ్తయి.


మియాపూర్_వాసి:

అందరికీ చాలా థాంక్స్ అండీ. 21 వేలాయన్ని అడిగితే పార్ట్ లోడే అన్నాడు. సోఫా అమ్మకానికి పెట్టేశాం. వాషింగ్ మెషీన్ బోల్టులు అటక మీద దొరికాయి! ఇంక గ్యాస్, వంటింటి సామాను, స్కూటర్, హైడ్రాలిక్ మంచం మిగిలాయి.


వంటింటి_డబ్బా:

గ్యాస్ సిలిండర్ సామానుతో పాటు లారీలో వేయకూడదండీ, కారులోనూ వద్దు. మీ ఏజెన్సీలో సిలిండర్లు, రెగ్యులేటర్ ఒప్పజెప్పి ట్రాన్స్‌ఫర్ వోచర్ తీసుకోండి. మీరు కనెక్షన్ తీసుకున్నప్పుడు కట్టిన డిపాజిట్ వెనక్కిస్తారు. అక్కడ ఆ వోచర్ చూపిస్తే కొత్త కనెక్షన్‌లా కాకుండా పాత కస్టమర్‌గా ఇస్తారు, కానీ డిపాజిట్ ఇప్పటి రేటు. 2022 జూన్ నుంచి 14.2 కిలోల సిలిండర్‌కు 2,200, రెగ్యులేటర్‌కు 250. ఎప్పుడో 900కో, 1,450కో తీసుకున్నవాళ్లకు ఆ తేడా చేతినుంచే పడుతుంది. స్టవ్, బ్లూ బుక్ (గ్యాస్ కనెక్షన్ పుస్తకం) మీ దగ్గరే ఉంచుకోండి. ట్యూబ్ పాతదైతే అక్కడ కొత్తది కొనండి.

దీనివల్ల వచ్చే చిక్కు ఒకటుంది. కొత్త ఇంట్లో పాలు పొంగించే రోజుకి గ్యాస్ ఉండదు. ఇండక్షన్ స్టవ్, దానికి పనికొచ్చే గిన్నె ఒకటి కారులో పెట్టుకోండి. ఇత్తడి, రాగి గిన్నెలు ఇండక్షన్ మీద వేడెక్కవు. అయస్కాంతం అంటుకునే స్టీలు గిన్నె కావాలి. దేవుడి పటాలు, బియ్యం, ఉప్పు, పసుపు, పాలగిన్నె, కాఫీ సామాను, రెండు ప్లేట్లు, చాకు, ఎక్స్‌టెన్షన్ బాక్స్, బకెట్టు, మగ్గు, ఒక జత దుప్పట్లు, ఇవి లారీకి ఇవ్వకండి.

ఆవకాయ జాడీ ప్యాకర్ల చేతికి అస్సలు వద్దు. నూనె పైకి తేలి ఉంటుంది, మూత ఎంత బిగించినా కుదుపులకి కారుతుంది. ఒక్క జాడీ కారితే ఆ డబ్బాలో ఉన్నవన్నీ పచ్చడి వాసనే. నూనె వేరే సీసాలోకి వంచేసి, జాడీ నోటికి రెండు పొరలు ప్లాస్టిక్ కవర్ వేసి దారంతో కట్టి, ఆ పైన మూత పెట్టి కారులో కాళ్ల దగ్గర నిలబెట్టండి.

ప్లేట్లు, గాజు గిన్నెలు పడుకోబెట్టి దొంతర పెట్టకుండా పుస్తకాల్లా నిలువుగా పెట్టాలి. దొంతరలో పైవాటి బరువంతా కిందిదాని మీద పడుతుంది. పుస్తకాలు పెద్ద డబ్బాలో వేస్తే అడుగు ఊడుతుంది. చిన్న డబ్బాలో పదిహేను కిలోలు దాటకుండా వేసి, అడుగున టేపు ప్లస్ గుర్తులా రెండు వైపులా వేయండి. డబ్బాలు కొనాలంటే బేగంబజార్‌లో టోకున దొరుకుతాయి, ఐదు పొరలవే తీసుకోండి. డబ్బా పైన కాదు, పక్కన రాయండి. పేర్చాక పైన రాసింది కనబడదు.


బండి_కాగితం:

స్కూటర్‌ను కాచిగూడ నుంచి రైల్లో పార్శిల్‌గా పంపొచ్చు. ఆర్‌సీ, ఇన్సూరెన్స్, మీ గుర్తింపు కార్డు జిరాక్సులు ఇవ్వాలి. ట్యాంకులో పెట్రోలు మొత్తం తీయించాలి, తీయకపోతే బుక్ చేసుకోరు. స్టేషన్ బయట గోనెసంచులతో ప్యాకింగ్ చేసేవాళ్లుంటారు. హెడ్‌లైట్‌కీ, హ్యాండిల్‌కీ గడ్డి లేదా పాత బట్ట అడిగి మరీ చుట్టించండి, అద్దాలు మీరే విప్పి ఇంట్లో పెట్టుకోండి. బండి నంబరు, పంపే స్టేషన్, చేరే స్టేషన్ రాసిన అట్ట ఒకటి కట్టాలి. అక్కడికి చేరాక విడిపించుకోవడం ఆలస్యమైతే వార్ఫేజ్ (స్టేషన్‌లో ఉంచినందుకు రుసుము) పడుతుంది.

టీజీ, టీఎస్ నంబరు బండి వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడ కొత్త నంబరు తీసుకోవాలి. దానికి ఇక్కడి ఆర్టీఏ నుంచి ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం), అంటే ఫారం 28 కావాలి. పెండింగ్ చలానాలు కట్టేయండి, లోన్ ఉంటే బ్యాంకు నుంచి కాగితం తెచ్చుకోండి, ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ప్రింట్ తీయించండి. అక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాక ఇక్కడి ట్యాక్స్‌లో మిగిలిన భాగానికి రీఫండ్ అడగొచ్చు. ఏడాదిలోపు తిరిగొచ్చే ఆలోచన ఉంటే మాత్రం ఎన్‌వోసీ జోలికి వెళ్లకండి, తీశాక రద్దు చేయించుకోవడం పెద్ద తలనొప్పి. స్కూలుకెళ్లే పిల్లలుంటే వాళ్ల టీసీ మాత్రం ఇప్పుడే తీసుకోండి. రాష్ట్రం మారుతున్నారు కాబట్టి టీసీ మీద విద్యాశాఖ అధికారి సంతకం అడిగే స్కూళ్లున్నాయి. చేరబోయే స్కూల్‌ని ముందే కనుక్కుంటే మళ్లీ హైదరాబాద్ రావక్కర్లేదు.


లోడింగ్_లెక్క:

హైడ్రాలిక్ మంచం విప్పేటప్పుడు మూత పూర్తిగా పైకెత్తి, ఒకరు పట్టుకుని ఉండగా రెండోవాళ్లు రాడ్లు తీయాలి. మూసి ఉన్నప్పుడు రాడ్డులో ఒత్తిడి ఉంటుంది, అప్పుడు విప్పితే ఎగిరి తగులుతుంది. ఇంజినీర్డ్ వుడ్ అయితే స్క్రూలు మళ్లీ అదే తొర్రలో పట్టవు, పొడి రాలిపోతుంది. అలాంటి మంచాన్ని రెండోసారి విప్పి బిగించడమే ఆఖరు అనుకోండి. ఫెవికాల్ అద్దిన అగ్గిపుల్ల ముక్క తొర్రలో పెట్టి బిగిస్తే కొన్నాళ్లు ఆగుతుంది. స్క్రూలు జిప్ కవర్‌లో వేసి ఆ పలకకే టేపుతో అంటించండి. "స్క్రూలన్నీ ఒకే డబ్బాలో" అన్న లేబర్ మాట వినకండి.

తేదీ ఇంకా ఖాయం కాకపోతే, నెలాఖరు నుంచి ఐదో తారీఖు దాకా వదిలేయండి, అందరూ అద్దె ఇళ్లు మారేది అప్పుడే. మంగళవారం మన వాళ్లు ఇల్లు కదలరు, ఆషాఢంలో అసలే కదలరు. ఆ రోజుల్లో ప్యాకర్లకు పని తక్కువ, బేరంలో మీ మాట చెల్లుతుంది. ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకుంటేనే సుమా. వాళ్లు కాదంటే ముహూర్తానికి పాలగిన్నె, దేవుడి పటంతో కారులో మీరు ముందు వెళ్లండి, లారీని మంగళవారం దించుకోండి.